మస్టర్ లేని చావు: రామగుండం ఎండలో కుప్పకూలిన కూలీని ఎవరు లెక్కపెడతారు?

ఈ ఎపిసోడ్ కొంచెం సీరియస్‌గా ఉంటుంది. కానీ చివరిదాకా ఉండండి. లాస్ట్‌లో చెప్పే నాలుగు విషయాలు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో తెలుగు పేపర్ల జిల్లా పేజీలు చూస్తే ఒక వార్త కనిపిస్తుంది. నాలుగు లైన్లే ఉంటుంది. ఎక్కడో బిల్డింగ్ పని జరుగుతోంది. పాతికేళ్లో, ముప్పై ఏళ్లో ఉన్న ఒక కూలీ మధ్యాహ్నం కుప్పకూలాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపు చనిపోయాడు. భార్య, చిన్న పిల్లలు. చివరి లైన్‌లో గుండెపోటు అయి ఉంటుందని రాస్తారు. అక్కడితో వార్త అయిపోతుంది.

ఈ రోజు ఆ చివరి లైన్ గురించి మాట్లాడుకుందాం. "గుండెపోటు" అనే ఆ ఒక్క మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు చెప్పారు? ఆ మాట వల్ల ఎవరికి ఏం పోతుంది? దీనికి మా ఊరు రామగుండం, గోదావరిఖని కంటే మంచి చోటు లేదు. ఎందుకంటే పనిలో చనిపోయిన మనిషిని ఒక రకంగా లెక్కపెట్టే పద్ధతి, అసలు లెక్కే పెట్టని పద్ధతి, రెండూ ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి భూమి కింద, ఒకటి భూమి పైన.

ముందు నా సంగతి చెప్తా.

నేను బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు మా నాన్న ఇల్లు కట్టించారు. నాన్న సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. రిటైర్ అయితే క్వార్టర్ ఖాళీ చేయాలి కదా, అందుకని ముందే ప్లాట్ కొని మొదలుపెట్టారు. మే నెలలో స్లాబ్ రోజు వచ్చింది. స్లాబ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పొద్దున మిల్లర్ స్టార్ట్ చేస్తే అయ్యేదాకా ఆపరు. మధ్యలో ఆపితే పాత కాంక్రీటుకీ కొత్త కాంక్రీటుకీ మధ్య జాయింట్ పడుతుంది, తర్వాత వానాకాలం అక్కడి నుంచే నీళ్లు కారతాయి. అందుకే ఎండ ఎంత ఉన్నా పని నడుస్తూనే ఉంటుంది.

ఒంటి గంట దాటాక, తట్ట అందుకుంటున్న ఒకన్న ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు. సంబంధం లేని మాటలు. పక్కవాళ్లు జోక్ అనుకుని నవ్వారు. రెండు నిమిషాల్లో కింద పడిపోయాడు. మేస్త్రి పెద్దాయన, అనుభవం ఉన్న మనిషి. "నీడకి జరపండ్రా" అని అరిచి, క్యూరింగ్ కోసం పెట్టిన పైపు తెచ్చి నెత్తి మీద నుంచి పాదాల దాకా నీళ్లు పట్టించాడు. చొక్కా విప్పి, తడి గోనెసంచి కప్పి, ఆటోలో ఆసుపత్రికి పంపించాం. బతికాడు. మూడో రోజు వచ్చి మా అమ్మ దగ్గర కూర్చుని మజ్జిగ తాగి వెళ్లాడు.

నాకు ఇప్పటికీ గుర్తుండేది ఆ మజ్జిగ కాదు. ఆటో వెళ్లిపోయాక మా ఇంటి ముందు నిలబడ్డవాళ్లు మాట్లాడుకున్న మాటలు. "గుండెపోటు కావచ్చు." "రాత్రి తాగిండేమో." "వాళ్ల ఇంట్ల ఎవరికన్నా గుండె జబ్బు ఉందేమో." ఎండ పేరు ఒక్కరు కూడా ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. ఆ రోజు అతను చనిపోయి ఉంటే మా ఇంట్లో అందరం ఒకే మాట చెప్పేవాళ్లం: పాపం, గుండెపోటు. మనసులో ఎక్కడో అది మాకు సుఖమైన మాట కూడా. అది అతని గుండె తప్పు, మా స్లాబ్ తప్పు కాదు.

సాయంత్రం నాన్న ఒక ప్రశ్న అడిగారు. "అతని పూర్తి పేరేంటి? ఏ ఊరు?" మా ఎవ్వరికీ తెలియదు. మేస్త్రికి కూడా సగమే తెలుసు. పొద్దున అడ్డా మీద నుంచి వచ్చిన మనిషి. నాన్న అప్పుడు అన్నారు, "మా దగ్గర మస్టర్ పడకుండా ఎవ్వడూ బాయి లోపలికి దిగడు" అని.

కోల్ బెల్ట్ బయట ఉన్నవాళ్ల కోసం చెప్తున్నా. బాయి అంటే బొగ్గుగని. మస్టర్ అంటే హాజరు. షిఫ్ట్‌కి వెళ్లిన కార్మికుడి పేరు రిజిస్టర్‌లో పడుతుంది, ల్యాంప్ రూమ్‌లో అతని క్యాప్ ల్యాంప్ ఇస్తారు. షిఫ్ట్ అయ్యాక ల్యాంప్ తిరిగి రాలేదంటే ఒక మనిషి పైకి రాలేదని అర్థం. అంటే లోపల ఎవరున్నారో ప్రతి క్షణం పైన ఎవరికో ఒకరికి తెలుసు. ఈ చిన్న పద్ధతి వెనక పెద్ద చరిత్ర ఉంది.

భూమి కింద లెక్క

సింగరేణి కథ క్విక్‌గా. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకుంది. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. ఖమ్మం వైపు మొదలైన గనులు గోదావరి వెంట పైకి పాకుతూ 1960ల నాటికి రామగుండం దాకా వచ్చాయి. చిన్న పల్లెల చోట గోదావరిఖని అనే పట్టణమే పుట్టింది. 1978లో ఎన్టీపీసీ పవర్ ప్లాంట్‌కి శంకుస్థాపన జరిగింది. ఎరువుల ఫ్యాక్టరీ, సిమెంట్ ఫ్యాక్టరీ కూడా ఈ చుట్టుపక్కలే వచ్చాయి.

గనుల్లో చావులు కొత్త కాదు. కానీ గని చావుకి చట్టం చాలా ముందే వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో మొదటి గనుల చట్టం 1901లో వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1952 గనుల చట్టం వచ్చింది. ఈ చట్టం ప్రకారం గనిలో ఒక మనిషి ప్రమాదంలో చనిపోతే మేనేజ్‌మెంట్ వెంటనే నోటీసు ఇవ్వాల్సి ఉండేది. ధన్‌బాద్ హెడ్ క్వార్టర్‌గా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్, ఎంక్వైరీ చేస్తుంది. పెద్ద ప్రమాదం అయితే కేంద్రం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూడా వేయొచ్చు.

2003 జూన్ 16. గోదావరిఖనిలో జీడీకే-7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చాయి. 17 మంది చనిపోయారు. ఇక్కడి పెద్దవాళ్లని ఎవర్ని అడిగినా ఆ రోజు ఎక్కడున్నారో చెప్తారు. ఆ సంఖ్య పదిహేడే. పదహారు అని గానీ పద్దెనిమిది అని గానీ ఎవరూ వాదించరు. ఎందుకంటే మస్టర్ ఉంది.

ఇంకొకటి. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్ట్-1లో పేలుడు పదార్థాల ప్రమాదం జరిగింది. నలుగురు చనిపోయారు. వాళ్లు సింగరేణి పర్మినెంట్ ఉద్యోగులు కాదు, కాంట్రాక్ట్ కార్మికులు. అయినా ఆ నలుగురూ లెక్కలోకి వచ్చారు. జీతంలో, క్వార్టర్‌లో, సౌకర్యాల్లో పర్మినెంట్‌కీ కాంట్రాక్ట్‌కీ ఎంత తేడా ఉందో ఇక్కడ పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ గని హద్దు లోపల ప్రమాదంలో చనిపోయిన మనిషిని లెక్కపెట్టే విషయంలో మాత్రం చట్టం ఆ తేడా చూడదు.

గనుల్లో అంతా బాగుందని నేను అనడం లేదు. ఆ 17 మంది ఇళ్లల్లో ఎవరూ అలా అనరు. నేను చెప్పేది ఒక్కటే. లెక్కపెట్టిన చావు గురించి "ఎందుకు జరిగింది?" అని అడగొచ్చు. లెక్కలో లేని చావు గురించి ఎవరూ ఏమీ అడగరు.

భూమి పైన లెక్క

ఇప్పుడు గేటు దాటి బయటికి రండి. బిల్డింగులు కట్టే మనిషి కోసం దేశంలో ప్రత్యేక చట్టం ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1996లో. గనుల మొదటి చట్టానికీ, భవన నిర్మాణ కార్మికుల చట్టానికీ మధ్య 95 ఏళ్ల గ్యాప్. ఆ చట్టంతో సంక్షేమ బోర్డులు వచ్చాయి, లేబర్ కార్డులు వచ్చాయి, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు మొదలైంది. మంచిదే. కానీ చట్టంలోనే రెండు మినహాయింపులు ఉండేవి. పది మంది కంటే తక్కువ కార్మికులు ఉన్న పనికి అది వర్తించేది కాదు. సొంతానికి కట్టుకునే ఇల్లు పది లక్షల లోపు అయితే కూడా వర్తించేది కాదు. అంటే చిన్న పట్టణాల్లో అడ్డా కూలీ రోజూ చేసే పనిలో పెద్ద భాగం చట్టం బయటే ఉండిపోయింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఈ పాత చట్టాలను తమలో కలిపేసుకున్నాయి. కానీ అడ్డా మీద పొద్దున ఆరింటికి ఎవరు ఎవరిని ఏ పనికి తీసుకెళ్లారో రాసుకునే మస్టర్ మాత్రం ఇంకా ఎక్కడా లేదు.

సరే, ఇప్పుడు మన అసలు ప్రశ్నకి వద్దాం. ఎండలో కుప్పకూలిన కుర్రాడికి నిజంగా ఏమవుతుంది?

మన ఒంటి లోపలి టెంపరేచర్ 37 డిగ్రీల దగ్గర ఉండాలి. బరువు పని చేస్తే కండరాలే వేడి పుట్టిస్తాయి. ఆ వేడి బయటికి పోవడానికి రక్తం చర్మం వైపు పరుగెత్తుతుంది, చెమట పడుతుంది. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గుతాయి. రక్తం పరిమాణం తగ్గుతుంది. తక్కువ రక్తంతో అటు కండరాలకీ ఇటు చర్మానికీ రెండింటికీ సప్లై చేయాలంటే గుండె ఇంకా స్పీడ్‌గా కొట్టుకోవాలి. ఒక పాయింట్ దాటాక సిస్టమ్ ఫెయిల్ అవుతుంది. లోపలి టెంపరేచర్ 40 డిగ్రీలు దాటుతుంది, మెదడు తికమక అవుతుంది. మా ఇంటి దగ్గర ఆ అన్న సంబంధం లేకుండా మాట్లాడింది అందుకే. అదే వడదెబ్బ.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. వడదెబ్బ ముసలివాళ్లకే వస్తుంది, కుర్రాళ్లకి రాదు అని. ముసలివాళ్లకి రిస్క్ ఎక్కువే. కానీ బరువు పని వల్ల వచ్చే వడదెబ్బ వేరే రకం. అది ఆరోగ్యంగా, గట్టిగా ఉన్న కుర్రాళ్లకే వస్తుంది. సైనికులకి, అథ్లెట్లకి, కూలీలకి. "నాకేం కాదు" అని ఆగకుండా పని చేయగలిగే ఒంటికే ఈ ప్రమాదం. ఇంకో విషయం, ఈ రకంలో చెమట ఆగిపోవాలని రూల్ లేదు. చెమటతో తడిసి ముద్దయిన మనిషికి కూడా వడదెబ్బ తగలొచ్చు.

మరి చివరికి గుండె ఆగిపోతుంది కదా, అప్పుడు గుండెపోటు అంటే తప్పేంటి?

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయిందనుకోండి. మేనేజర్ "ఎందుకు పడింది?" అని అడిగితే, "సర్, సర్వర్ ఆగిపోవడం వల్ల పడింది" అని చెప్తే ఊరుకుంటాడా? ఆగిపోవడం అనేది జరిగిన సంగతి. కారణం కాదు. మనిషి విషయంలోనూ అంతే. మరణ కారణం రాసే మెడికల్ సర్టిఫికెట్ రూల్స్ కూడా ఇదే చెప్తాయి. గుండె, ఊపిరి ఆగిపోయాయి అని మాత్రం రాస్తే సరిపోదు, దాని వెనక ఏముందో రాయాలి అని. ఎందుకంటే చనిపోయిన ప్రతి మనిషికీ చివర్లో గుండె ఆగుతుంది.

ఇది డాక్టర్లని తిట్టడం కాదు. వడదెబ్బని పోస్ట్‌మార్టంలో పట్టుకోవడం నిజంగా కష్టం. విషం దొరికినట్టు, ఎముక విరిగినట్టు ఒక స్పష్టమైన గుర్తు ఉండదు. మనిషి పడిపోయినప్పుడు ఒంటి వేడి ఎంత, ఎక్కడ పని చేస్తున్నాడు, ఎంతసేపు, చుట్టూ ఎండ ఎంత, ఇవన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది. ఆ సమాచారం ఉండేది పక్కన పని చేసినవాళ్ల దగ్గర. ఆసుపత్రికి చేరేటప్పటికి వాళ్లు పక్కన ఉండరు. ఇక అందరికీ తెలిసిన ఒక్క మాటే మిగులుతుంది.

పాతికేళ్ల కుర్రాడి ప్రతి చావూ వడదెబ్బే అని కూడా నేను అనను. పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు ఉంటాయి, నిజమైన హార్ట్ ఎటాక్‌లు ఉంటాయి, కరెంట్ షాక్‌లు ఉంటాయి. అందుకే కదా చూడాలి అంటున్నది. చూడకుండా చెప్పేది కారణం కాదు, అంచనా.

2015 మే

ఇప్పుడు మన రెండు రాష్ట్రాలు ఎప్పటికీ మర్చిపోకూడని నెల. 2015 మే. వాయవ్యం నుంచి పొడి వేడి గాలులు. చాలా చోట్ల 45 డిగ్రీలు దాటిన ఎండ. తెలంగాణలో ఎక్కువ ఎండ రికార్డయ్యే ఊళ్ల లిస్ట్‌లో రామగుండం ఎప్పుడూ ఉండేదే. చనిపోయినవాళ్లలో పెద్ద వయసువాళ్లు, ఉపాధి పనులకి వెళ్లినవాళ్లు, పొలం కూలీలు, బిల్డింగ్ కూలీలు.

ఎంతమంది? ఇక్కడే కథ మొదలవుతుంది. జూన్ మొదటి వారానికి వార్తల్లో ఆంధ్రప్రదేశ్ సంఖ్య 1,700 దాటింది. తెలంగాణది 580 దాటింది. తర్వాత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పత్రాల్లో కనిపించే సంఖ్యలు వేరు: ఆంధ్రప్రదేశ్ 1,369, తెలంగాణ 541. జీడీకే-7లో పదిహేడు అంటే పదిహేడే. ఇక్కడ వందల్లో తేడా.

ఈ తేడా ఎందుకు వస్తుంది? మన దగ్గర వడదెబ్బ చావుని నిర్ధారించేది మండల స్థాయి కమిటీ. తహసీల్దార్, ఎస్సై, మెడికల్ ఆఫీసర్, ముగ్గురు. వాళ్లు ఔనంటేనే సర్కారు లెక్కలో వడదెబ్బ. పోస్ట్‌మార్టం లేకపోతే, సాక్ష్యం లేకపోతే, వాళ్ల దగ్గరికి విషయమే రాకపోతే ఆ చావు లెక్కలో పడదు. ఆలోచించండి, ఇంట్లో మనిషి పోయాడు. ఎండాకాలం, శవాన్ని ఎక్కువసేపు ఉంచలేరు. పోస్ట్‌మార్టం అంటే భయం. సాయంత్రానికి దహనం అయిపోతుంది. వారం తర్వాత ఎవరో చెప్తారు, వడదెబ్బకి సాయం వస్తుందట అని. అప్పటికి చూపించడానికి ఏముంటుంది?

మరి లెక్కలో పడని చావుల్ని కనిపెట్టే దారే లేదా? ఉంది. అహ్మదాబాద్ చూపించింది. 2010 మేలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకి వెళ్లింది. తర్వాత పరిశోధకులు తెలివైన పని చేశారు. ఎవరు వడదెబ్బతో చనిపోయారు అని వెతకలేదు. ఆ మే నెలలో ఊళ్లో మొత్తం ఎంతమంది చనిపోయారు, మామూలు సంవత్సరాల్లో మేలో ఎంతమంది చనిపోతారు, రెండూ పోల్చారు. 2010 మేలో మొత్తం 4,462 మరణాలు. మామూలు కంటే 1,344 ఎక్కువ. అంటే 43 శాతం పెరుగుదల. ఆ 1,344 మందిలో ఎవరి సర్టిఫికెట్ మీద ఏం రాసి ఉన్నా సరే, ఎండ లేకపోతే వాళ్లలో చాలామంది ఆ నెల చనిపోయేవాళ్లు కాదు. ఈ లెక్క బయటికి వచ్చే దారిలోనే 2013లో అహ్మదాబాద్ హీట్ యాక్షన్ ప్లాన్ వచ్చింది. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. లెక్క పెడితేనే ప్లాన్ వస్తుంది, చూశారా?

గల్ఫ్ నుంచి వచ్చే పెట్టె

రామగుండం ఇప్పుడు పెద్దపల్లి జిల్లా, ఒకప్పుడు కరీంనగర్ జిల్లా. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ అంటేనే గల్ఫ్ గుర్తొస్తుంది. ఇక్కడ మేస్త్రి పని నేర్చుకున్న కుర్రాడు అక్కడ ఇంకా ఎక్కువ ఎండలో అదే పని చేస్తాడు. అక్కడి నుంచి వచ్చే శవపేటికతో పాటు వచ్చే కాగితం మీద కూడా తరచుగా అదే మాట: సహజ మరణం.

ఖతార్‌కి 2010లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ దక్కింది. స్టేడియంలు, రోడ్లు, హోటళ్లు కట్టే పని మొదలైంది. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక లెక్కలు బయటపెట్టింది. 2011 నుంచి 2020 మధ్య ఖతార్‌లో చనిపోయిన భారతీయులు 2,711 మంది. వీళ్లందరూ స్టేడియం పనిలో చనిపోయినవాళ్లు కాదు, అన్ని రకాల ఉద్యోగాల వాళ్లూ ఉన్నారు. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కానీ అందులో దాదాపు 80 శాతం చావులకి రాసిన కారణం "సహజం". పని కోసం మెడికల్ టెస్ట్ పాసై విమానం ఎక్కిన జనంలో ఇంత పెద్ద వాటా సహజంగా చనిపోతున్నారా?

ఖతార్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల మీద 2019లో ఒక స్టడీ వచ్చింది. 2009 నుంచి 2017 దాకా గుండె సంబంధిత మరణాలుగా రాసినవి 571. ఎండ ఎక్కువున్న నెలల్లోనే ఇవి ఎక్కువగా ఉన్నాయి. సరైన జాగ్రత్తలు ఉంటే అందులో 200 దాకా ఆపగలిగేవని ఆ పరిశోధకులు అంచనా వేశారు. 2021లో ఖతార్ రూల్ మార్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని బంద్. అంతకుముందు ఆ బంద్ సమయం బాగా తక్కువ ఉండేది. ఇక్కడ కూడా అదే వరస. ఎవరో లెక్కపెట్టారు, ఎవరో అడిగారు, అప్పుడు రూల్ మారింది.

ఇక డబ్బు సంగతి. గల్ఫ్‌కి వెళ్లే కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో పది లక్షలు వస్తాయి. ఎప్పుడు? ప్రమాదంలో చనిపోతే. కాగితం మీద సహజం అని ఉంటే ఆ పది లక్షలు లేవు. ఒక్క మాట, పది లక్షల తేడా. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి ఐదు లక్షల సాయం ప్రకటించింది. ఏళ్ల తరబడి గల్ఫ్ కుటుంబాలు అడిగితే వచ్చింది అది.

కోర్టు ఏమంది?

దేశంలో పని ప్రమాదాల పరిహారానికి మూల చట్టం 1923 నాటిది. పరిహారం రావాలంటే అది "పని వల్ల, పనిలో" జరిగిన ప్రమాదం అయి ఉండాలి. మరి పనిలో గుండె ఆగితే? సుప్రీంకోర్టు రెండు కేసులు చూడండి.

2006లో ఒక కేసు, మన నెల్లూరుదే. ప్లాంట్‌లో డ్యూటీలో ఉన్న కార్మికుడు గుండెజబ్బుతో చనిపోయాడు. అతనికి ముందే గుండె సమస్య ఉంది, అతని పని స్విచ్‌లు ఆన్, ఆఫ్ చేయడమే, అందులో ఒత్తిడి లేదు, పనికీ చావుకీ లింక్ రుజువు కాలేదు అని కోర్టు పరిహారం ఇవ్వలేదు. కొన్నేళ్ల తర్వాత ఇంకో కేసు. ఢిల్లీ నుంచి 1,152 కిలోమీటర్లు లారీ నడిపిన 45 ఏళ్ల డ్రైవర్ గుండెపోటుతో చనిపోయాడు. అంత దూరం డ్రైవింగ్ ఒత్తిడే చావుకి దారితీసిందని కోర్టు ఒప్పుకుంది, కుటుంబానికి పరిహారం ఇప్పించింది.

రెండింట్లోనూ ఆగింది గుండే. తేడా ఎక్కడుంది? పని ఎలాంటిది, ఎంతసేపు, ఎంత కష్టం అన్నది కోర్టు ముందు కనిపించడంలో. ఆ డ్రైవర్ ఎంత దూరం నడిపాడో చెప్పే ఒక నంబర్ ఉంది: 1,152. మన స్లాబ్ కూలీకి అలాంటి నంబర్ ఏముంది? ఎన్ని తట్టలు మోశాడో ఎవరు రాశారు?

2025 ఏప్రిల్‌లో తెలంగాణలో ఒక పెద్ద మార్పు వచ్చింది. వడగాడ్పులని రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విపత్తుగా ప్రకటించింది. అంతకుముందు ఆపద్బంధు కింద 50 వేలు వచ్చే చోట, ఇప్పుడు వడదెబ్బ చావుకి నాలుగు లక్షలు. చాలా మంచి నిర్ణయం. కానీ గమనించండి, ఇప్పుడు "గుండెపోటు", "వడదెబ్బ" అనే రెండు మాటల మధ్య దూరం ఎనిమిది రెట్లు పెరిగింది. సాయం పెరిగిన కొద్దీ రుజువు విలువ కూడా పెరుగుతుంది.

మన చేతిలో ఏముంది?

ఫోన్ ఉంది. నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, మనిషి బతికుండగానే. ఎండలో పని చేసే మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, నవ్వకండి. నీడకి జరపండి, బట్టలు వదులు చేయండి, ఒళ్లంతా నీళ్లు పోయండి, గాలి విసరండి, 108కి కాల్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబరచడం ముందు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. మా ఇంటి దగ్గర ఒక ప్రాణాన్ని కాపాడింది ఆ క్యూరింగ్ పైపే.

రెండు, ఆసుపత్రికి పక్కన పని చేసిన ఒక్కరైనా వెళ్లాలి. ఎక్కడ పని, ఎన్ని గంటల నుంచి, పడిపోయే ముందు ఎలా ఉన్నాడు, డాక్టర్‌కి చెప్పాలి. ఒంటి టెంపరేచర్ చూసి రాయమని అడగాలి.

మూడు, ప్రాణం పోతే, కష్టమే అయినా, పోలీసులకి చెప్పి పోస్ట్‌మార్టం చేయించాలి. తహసీల్దార్ ఆఫీసులో సమాచారం ఇవ్వాలి. ఆ రోజు ఆ టైమ్‌కి మీ మండలం టెంపరేచర్ స్క్రీన్‌షాట్, పని చోటు ఫోటో, కలిసి పనిచేసినవాళ్ల నంబర్లు దాచిపెట్టండి. లేబర్ కార్డ్ ఉందేమో చూడండి. నిర్మాణ కార్మికుల బోర్డు నుంచి సహజ మరణానికి కూడా కొంత సాయం ఉంటుంది, ప్రమాదం అయితే చాలా ఎక్కువ. కార్డ్ లేని కూలీలు మీకు తెలిస్తే, ఈ వీడియో ఆపేసి ముందు వాళ్లకి అది చేయించండి.

నాలుగు, ఇది ఇల్లు కట్టించేవాళ్లకి, అంటే మాలాంటివాళ్లకి. మేలో స్లాబ్ పెట్టుకోవాల్సి వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టించండి, ఎక్కువ మందిని పెట్టి పది, పదకొండుకల్లా ముగించండి. నీడ, నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ పెట్టండి. పొద్దున పనికి వచ్చిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి. ఐదు నిమిషాల పని.

ఆ రోజు సాయంత్రం మా నాన్న అదే చేశారు. పాత నోట్‌బుక్ ఒకటి తీసి, మర్నాటి నుంచి పనికి వచ్చినవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టారు. కూలీలు మొదట్లో నవ్వారు, "సార్, ఇది సింగరేణా?" అని. నాన్న కూడా నవ్వుతూనే రాసుకున్నారు. ఇల్లు పూర్తయ్యేదాకా రాశారు. ఆ నోట్‌బుక్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. అందులో ఆ అన్న పూర్తి పేరు కూడా ఉంది, మూడో రోజు మజ్జిగ తాగడానికి వచ్చినప్పుడు అడిగి రాసుకున్నారు.

మీ ఊళ్లో ఎండాకాలం పని టైమింగ్స్ ఎలా ఉంటాయో, అడ్డా మీద ఏం నడుస్తోందో కామెంట్స్‌లో రాయండి. ఈ ఎపిసోడ్‌ని ఒక మేస్త్రికో, ఇల్లు కట్టిస్తున్న ఒక చుట్టానికో పంపండి. మళ్లీ కలుద్దాం. ఎండలో జాగ్రత్త.